సముద్రపు కాకి కాలి కడియం

కిందటి వారం కథ ఎక్కడ ఆపానో గుర్తున్నవాళ్ళు ఈలోగా టీ పెట్టుకు రండి. మర్చిపోయినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నా పేరు చాంద్ సుల్తానా. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో మా అన్నయ్య హుస్సేన్ బాషాకి ఫోటో స్టూడియో ఉంది. ఫోటో తీసేది ఆయన. తీసిన మొహాన్ని నలుగురిలో పెట్టగలిగేలా చేసేది నేను. నెగిటివ్ మీద పెన్సిలు ముక్కుతోనూ, చిన్న కత్తి మొనతోనూ అమ్మవారు పోసిన మచ్చలూ, మొటిమలూ, కళ్ళ కింద నలుపూ తీసేస్తాను. దీన్నే టచప్ అంటారు. ముప్పై ఏళ్ళ నించి ఇదే పని. ఈ ఊళ్ళో సగం సంబంధాలు నా కత్తి మొన మీద కుదిరినవే. ఒక్కరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఇక వరహాలు. పోర్టులో క్రేన్ డ్రైవరు, చోడవరం దగ్గర రైతుల పిల్లాడు. రష్యా ఓడ దిగిన ఒక కళాసీ దగ్గర పొడుగాటి లెన్సున్న పెద్ద కెమెరా కొన్న రోజు నించి వీడికి పిట్టల పిచ్చి పట్టుకుంది. డ్యూటీ లేకపోతే చాలు, ఇసకలో బోర్లా పడుకుని ఉంటాడు. వాళ్ళావిడ జోగమ్మ ఆ కెమెరాని 'మా సవితి' అంటుంది. అన్నం పెట్టేటప్పుడు దానికీ ఒక పీట వేస్తుంది, ఉడికించడానికి.

బొంబాయిలో ఒక ఏజెన్సీ ఉందని, మనం తీసిన ఫోటోలు దాచిపెట్టి పుస్తకాలవాళ్ళకీ కేలండర్లవాళ్ళకీ కావలసినప్పుడు వాడుకోడానికిస్తారని, వచ్చినదాంట్లో సగం తీసినవాడికని వరహాలుకి ఎవరో చెప్పారు. మొదటి కట్ట పంపితే తిరుగు టపాలో వచ్చేసింది. ఎందుకంటే మా అన్నయ్య అలవాటు కొద్దీ ప్రతి ఫోటో మీదా, కరెక్టుగా పిట్ట పొట్ట మీద, మా స్టూడియో ముద్ర గుద్దేశాడు. రెండో కట్టా వచ్చేసింది. పిట్టల పేర్లు తెలుగులో రాశాం, వాళ్ళకి లాటిన్ పేర్లు కావాలట. "సొంత పేరే సరిగ్గా తెలీని పిట్టకి లాటిన్ పేరేటక్కా" అని వరహాలు తల పట్టుకున్నాడు. కాలేజీ లైబ్రరీలో కూచుని ఆ పేర్లన్నీ రాసుకొచ్చి మూడో కట్ట పంపాడు. అందులోంచి ఒక్క ఫోటో, పోస్టుకార్డు సైజుది, నచ్చిందని ఉత్తరం వచ్చింది. కర్ర గుంజ మీద నిలబడిన సముద్రపు కాకి. పేరుకే కాకి, ఓడల వెంట తిరిగే తెల్ల పిట్ట అది. దాన్ని పెద్దది చేసి పంపమన్నారు. పంపాం. ఆ పెద్ద ఫోటో వెనకాల 'ఫోటో: వరహాలు' అని ఉన్నచోట, నేను పెన్సిలుతో 'టచప్: చాంద్ సుల్తానా' అని రాసుకున్నాను. ముప్పై ఏళ్ళలో నా పేరు నేను రాసుకోవడం అదే మొదటిసారి.

అది జరిగిన నెల్లాళ్ళకి, మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నయ్య నమాజుకెళ్ళి నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, తోలు సంచీ పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గుమ్మం ఎక్కి "ఇక్కడ చాంద్ సుల్తానా ఎవరు?" అన్నాడు. అక్కడ ఆపాను కదూ.

"నేనే సార్" అన్నాను.

"నా పేరు భీమశంకరరావు. బొంబాయి ఏజెన్సీ నించి వస్తున్నాను. ఫోటో వెనకాల మీ పేరు చూసే వచ్చాను."

నా సంబరం ఏమని చెప్పను! బొంబాయి నించి మనిషి, నా పేరు చూసి, కురుపాం మార్కెట్ సందు వెతుక్కుంటూ వచ్చాడు. పైట సరిచేసుకుని, పాస్‌పోర్టు ఫోటోలకి కూచోబెట్టే స్టూలు గబగబా తుడిచి వేశాను. ఫ్యాను ఆయన వైపు తిప్పాను. మనిషి సన్నగా ఉన్నాడు, మెడకి రుమాలు, చొక్కా చెమటకి తడిసిపోయింది. ఈయనకి టీ సరిపోదు, గోలీసోడా తెప్పించాలి అనుకుంటున్నాను.

"మీ టచప్ చూశానమ్మా" అన్నాడు.

"బాగుందా సార్?" అన్నాను సిగ్గుపడుతూ. నలభై ఆరేళ్ళ మనిషిని సిగ్గుపడ్డాను, ఏం చెయ్యను.

"చాలా బాగుంది. ఎంత బాగుందంటే మా ఏజెన్సీ పరువు గంగలో కలిసిపోయింది."

సంచీలోంచి రెండు ఫోటోలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి మేం ముందు పంపిన కార్డు సైజుది, రెండోది తరవాత పంపిన పెద్దది.

"ఒకే కాకి. ఒకే గుంజ. ఒకే ఎండ. చిన్నదాంట్లో కాలికి రింగుంది. పెద్దదాంట్లో లేదు. ఇందులో ఏది నిజం, ఏది దొంగది?"

"రింగా సార్?" అన్నాను.

ఆయన అదేమిటో చెప్పాడు. కోపంలో ఉన్నా బడిపంతులులా విడమరిచి చెప్పే మనిషి. దేశాలు దాటి వెళ్ళే పిట్టల కాళ్ళకి సైన్సువాళ్ళు రేకు రింగులు తొడుగుతారట. దాని మీద అంకెలుంటాయట. ఎక్కడో ఆ చివర తొడిగిన రింగు ఈ చివర కనబడితే, ఈ పిట్ట ఇంత దూరం ఎగిరొచ్చిందని తేలుతుందట. వలస పిట్టల మీద పుస్తకం వేస్తున్న ఒక విదేశీ కంపెనీ, వెయ్యి ఫోటోలు చూసి, వద్దు వద్దని పక్కన పెట్టేసి, మన వరహాలు కాకిని ఎంచుకుంది. కాకి కోసం కాదు, ఆ రింగు కోసం. తీరా పెద్ద ఫోటో వెళ్ళేసరికి రింగు లేదు.

"వాళ్ళు ఉత్తరం రాశారమ్మా. 'రెండిట్లో మీరు బొమ్మ గీసింది ఏది?' అని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నన్ను ఆ మాట అన్నవాడు లేడు."

"సార్, అది..."

"నాకు అర్థమైపోయిందిలెండి. వరహాలు గారు మామూలు కాకిని తీశారు. మామూలు కాకికి గిరాకీ లేదని చిన్న ఫోటోలో మీ చేత రింగు గీయించారు. పెద్దదాంట్లో గీయడం మర్చిపోయారు. పైగా వెనకాల మీ పేరు కూడా రాశారు! మా దగ్గర అడిగేది మూడే మూడు. అది ఏ పిట్ట, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి అబద్ధమైనా పెట్టె వెనక్కి, పేరు మీద గీత. మా అప్పింటికని బొబ్బిలి ఎల్తా..." నాలిక కరుచుకుని, "మా అక్క ఇంటికని బొబ్బిలి వెళ్తూ దిగాను. ఆయన పెట్టె ఆయనకి ఇచ్చేసి పోతాను."

పెట్టె అంటే వరహాలు పంపిన ఫోటోలన్నీ. రెండేళ్ళ తెల్లవారుజాములు. దోమకాట్లు, ఎండదెబ్బ, జోగమ్మ తిట్లు, తోటి క్రేన్ డ్రైవర్ల వెక్కిరింపులు, అన్నీ ఆ అట్టపెట్టెలో ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే నింద వాడి మీదే పడుతుంది. కానీ వెనకాల ఉన్నది నా పేరు.

"గీయలేదు సార్" అన్నాను. "చెరిపాను."

"ఏమిటీ?"

"రింగు ఉన్నది ఉన్నట్టే ఉంది. నేనే కత్తి మొనతో గీకేశాను."

"ఎందుకు?"

"అసయ్యంగా ఉందని."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను మామూలు కళ్ళతో చూశాడు.

"ఏదో వలతీగ చుట్టుకుందనుకున్నాను సార్. పోర్టులో పిట్టలకి మామూలే కదా. పాపం బొంబాయి వెళ్తోంది, ఆ తీగతో ఎందుకు, కాస్త శుభ్రంగా పంపుదామని... కళ్ళ దగ్గర నలుపు కూడా కొంచెం తగ్గించాను."

"పిట్టకి పెళ్ళిచూపులా అమ్మా?" అన్నాడు భీమశంకరరావు. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే దిగాడు మా వరహాలు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, నెత్తి మీద ఇనప టోపీ కూడా తియ్యలేదు. బల్ల మీద సంచీ మీద బొంబాయి అడ్రసు చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఓలప్పా! బొంబాయి బాబుగారా! నానేనండి వరహాలు. ఏటక్కా, బాబుగారికి సోడా అయినా తెప్పించలేదేటి?"

ఆ నవ్వు చూస్తే నాకు ప్రాణం పోయినంత పనైంది. వాడికి ఆయన చెప్పకముందే నేనే చెప్పేయాలనుకున్నాను. చెప్పేశాను. తీగ అనుకున్నదీ, గీకిందీ, పేరు రాసుకున్నదీ, పెట్టె వెనక్కొచ్చిందీ, ఒక్క గుక్కలో. వరహాలు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ కడియం కోసమే పడుకున్నానక్కా" అన్నాడు. "ఆర్రోజులు. ఒంటికాలి మీద నించుంటాది అది. కడియం ఉన్న కాలు పొట్టలోకి లాగేసి దాచీసుకుంటాది. ఆరో రోజుకి దించినాది. దించగానే నొక్కీసినాను. బావకి మరీ మరీ సెప్పినాను గదా, కడియం జాగర్త అని." మా అన్నయ్యని వాడు బావా అనే పిలుస్తాడు.

"నాకెవరూ చెప్పలేదు!"

"సెప్పినాను! బావ సీటీ రాసి కట్టకి గుచ్చినాడు కూడా, నా కళ్ళారా సూసినాను."

మా అన్నయ్య చేసిన పుణ్యమో పాపమో గాని అప్పుడే నమాజు నించి తిరిగొచ్చాడు. టోపీ జేబులో పెట్టుకుంటూ "ఏటి, ఎవరైనా గ్రూపు ఫోటోకి వచ్చారా?" అన్నాడు.

"భాయ్‌జాన్, కడియం అని చీటీ రాశావా?"

"రాశాను. 'కడియం జాగ్రత్త' అని రాసి గుండుసూదితో గుచ్చాను. ఏం?"

యా అల్లా! అప్పుడు వెలిగింది నాకు.

అదే వారం స్టీలు ప్లాంటు క్వార్టర్ల దగ్గర పూలమొక్కలు నాటడానికి గోదావరి జిల్లా కడియం నించి నర్సరీవాళ్ళు తొమ్మిదిమంది వచ్చి గ్రూపు ఫోటో తీయించుకున్నారు. వాళ్ళ కట్ట, వరహాలు కట్ట ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. 'కడియం జాగ్రత్త' అంటే కడియంవాళ్ళు పెద్ద పార్టీ కాబోలు, జాగ్రత్తగా చెయ్యమన్నాడు అనుకున్నాను. వాళ్ళకి చేసిన టచప్ నా జన్మలో ఎవరికీ చెయ్యలేదు. మేస్త్రీ అచ్యుతరామయ్యకి బట్టతల మీద జుట్టు మొలిపించాను. చివర నిలబడినాయనకి ఊడిపోయిన పన్ను పెట్టాను. వాళ్ళు మురిసిపోయి మూడు గులాబీ మొక్కలు బహుమానం ఇచ్చిపోయారు. అవి ఇప్పుడు మా గుమ్మంలోనే ఉన్నాయి, విరగబూస్తున్నాయి.

"కడియం అంటే ఊరనుకున్నావేటే!" అన్నాడు అన్నయ్య.

"మరి కాకికి కడియం ఉంటుందని ఎవరనుకుంటారు? 'కాలి కడియం' అని రాస్తే నీ సొమ్మేం పోయింది? ఒక్క మాట ఎక్కువ రాస్తే సిరా అయిపోతుందా?"

"ముప్పై ఏళ్ళు మొహాలు చూసినదానివి, పిట్ట కాలు చూడలేదా?"

"మనుషుల మొహాలు చూశాను నేను! పిట్టలని ఎవడు తెమ్మన్నాడు ఇంట్లోకి?"

"అయ్యా, అమ్మా" అన్నాడు భీమశంకరరావు. "ఒక్క నిమిషం." ఆయన రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు! కాసేపటికి తేరుకుని, "నమ్మాను. ఇంత గొడవ కల్పించి చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ నేను నమ్మితే చాలదమ్మా. అవతల పుస్తకంవాళ్ళు నమ్మాలి. నెగిటివ్ ఉందా?" అన్నాడు.

తెచ్చి ఇచ్చాను. వెలుతురుకి పెట్టి చూశాడు. కాకి కాలి మీద నా కత్తి నడిచిన గీత, నీటుగా, వెంట్రుకంత తేడా లేకుండా ఉంది. అంత మంచి పని చేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. కత్తితో గీకినది మళ్ళీ రాదు.

"ఇక్కడేదో ఉండేదని తెలుస్తోంది. రింగే అని తెలియట్లేదు" అన్నాడాయన. "రింగు మీద అంకెలు చదవగలిగేలా ఇంకో ప్రింటు, గీకకముందుది, ఉందా? ఈ చిన్న కార్డులో అంకెలు కనబడట్లేదు."

"అది నేను పిట్ట మట్టుకు కత్తిరించి చేసిన ప్రింటు సార్" అన్నాడు అన్నయ్య. "వెనకాల ఏదో బూడిద రంగు గోడ వచ్చింది, అందంగా లేదని తీసేశాను. పెద్దదాంట్లోనూ అంతే. గీకకముందు చేసింది అదొక్కటే."

వరహాలు టోపీ పెట్టుకున్నాడు.

"పోన్లే అక్కా" అన్నాడు. "కావాలని సేసినావేటి. ఇంకో కాకి దొరక్కపోద్దా."

తిట్టినా బాగుండేది. రెండేళ్ళు ఇసకలో పడుకున్నవాడు నన్ను ఓదారుస్తున్నాడు. ముక్కు ఎగబీల్చుకుంటూ, కళ్ళు తుడుచుకోడానికి వెనక్కి తిరిగాను. ఎదురుగా అలమర మీద బిస్కెట్ డబ్బా కనబడింది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. డెబ్బై రెండులో మంగాయమ్మ అనే పెళ్ళికూతురి చెంప మీద పుట్టుమచ్చ తీసేశాను. బఠాణీ గింజంత ఉండేది. తీరా పీటల మీద మగపెళ్ళివారు ఫోటో చేత్తో పట్టుకుని లేచారు. మచ్చలేని అక్కని చూపించి మచ్చున్న చెల్లెల్ని అంటగడుతున్నారని ఒకటే గోల. ఆడపెళ్ళివారు రిక్షా వేసుకొచ్చి నన్ను ఉన్నపళంగా ఎక్కించుకుపోయారు. పందిట్లో అందరి ముందూ నిలబడి, ఆ మచ్చ తీసిన పాపిష్టిదాన్ని నేనే బాబూ అని ఒట్టేస్తే గాని తాళి కట్టలేదు. ఆ రోజు నించి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ నెగిటివ్ మీదైనా సరే, కత్తి పెట్టేముందు ఒక ప్రింటు తీసి ఆ డబ్బాలో పడేస్తాను. ఎవరైనా రానీ, ఇదిగో అసలు మొహం అని చూపించడానికి. ఇదంతా ఎంత అలవాటైపోయిందంటే, పొద్దున్న తలుపు గొళ్ళెం తీసిన సంగతి మనకి గుర్తుంటుందా? అలాగే ఇదీను.

"డబ్బా!" అని అరిచాను.

"ఏ డబ్బా?" అన్నాడు భీమశంకరరావు.

"అసలు మొహాల డబ్బా! కాకిది కూడా తీసే ఉంటాను! తియ్యకుండా కత్తి పట్టను!"

స్టూలు లాక్కుని ఎక్కాను. వరహాలు గబుక్కున ముందుకొచ్చాడు.

"అక్కా, ఆ డబ్బా ఎందుకులే" అన్నాడు.

"ఎందుకేటి! నీ కడియం అందులో ఉందిరా!"

"కాదక్కా... అందులో కత్తిరించిన ప్రింటా, మొత్తం పడినాదా?"

"మొత్తం! అంచు నించి అంచు దాకా. కత్తిరిస్తే అది అసలు మొహం ఎలాగవుతుంది?"

"అయితే వొద్దక్కా. పోనీసెయ్. నాను ఇంకోటి తీత్తాను గదా."

చూడండి వీడి మంచితనం! నా మీద జాలితో అంటున్నాడనుకున్నాను. "నోర్ముయ్" అని చెప్పి డబ్బా బల్ల మీద బోర్లించాను. ఎంతమంది మొహాలు! ఎవరి మొటిమలు వాళ్ళవి, ఎవరి మెల్లకన్ను వాళ్ళది. మంగాయమ్మ మచ్చ పైకొచ్చింది. దాని కింద సబ్‌ఇన్‌స్పెక్టరు గారి పులిపిరి. వాళ్ళందరి మధ్యనించి, ఒంటరిగా, కర్ర గుంజ మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి, నన్నే చూస్తున్నట్టు, మా సముద్రపు కాకి!

కాలికి కడియం తళతళలాడుతోంది.

భీమశంకరరావు జేబులోంచి భూతద్దం తీసి కాకి కాలి మీద పెట్టి వంగాడు. అన్నయ్య, నేనూ ఆయన రెండు భుజాల మీదనించి వంగాం. వరహాలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి గులాబీ మొక్క ఆకులు తుంపుతున్నాడు.

"ఎమ్... ఓ... ఎస్... కె..." అని చదివాడు భీమశంకరరావు. ఒక్కసారి లేచి నిలబడ్డాడు. "ఓరి బాబో! మాస్కోవోళ్ళ రింగమ్మా ఇది! ఏటనుకున్నావ్! రష్యావోడు తొడిగిన కడియం! ఎక్కడి మాస్కో, ఎక్కడి ఇశాపట్నం! దాని తస్సాదియ్యా, ఎంత దూరం ఎగిరినాదే తల్లీ!"

ఇరవై రెండేళ్ళ బొంబాయి అంతా ఊడిపోయి, అసలు బొబ్బిలి బయటపడింది. అంకెలు కూడా ఆరున్నాయి, నాలుగు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇది పంపితే పుస్తకంవాళ్ళు క్షమాపణ చెప్తారన్నాడు. ఫోటో పక్కన నా డబ్బా కథ కూడా వేయమని రాస్తానన్నాడు. నా టచప్‌ని తిట్టిన నోటితోనే, డబ్బాని పొగిడి పొగిడి చెమట తుడుచుకున్నాడు.

"కెమెరా రష్యాదే, కాకీ రష్యాదే!" అన్నాడు అన్నయ్య. "రెండూ కలిసి మన వరహాలు బావని వెతుక్కుంటూ వచ్చాయి." నేను వీధిలోకి తల పెట్టి నాలుగు గోలీసోడాలు పంపమని కేకేశాను. గుండె ఎంత తేలికైపోయిందో చెప్పలేను.

భీమశంకరరావు సంచీలోంచి పొడుగాటి కాగితం తీశాడు. అది ఏజెన్సీ ఒప్పందం. అందులో సంతకం పెడితే వరహాలు వాళ్ళ ఫోటోగ్రాఫర్. ఇంక ఎవరూ పిచ్చోడనరు, జోగమ్మ కూడా సవితికి నిజంగానే పీట వేస్తుంది. ఆయన పెన్ను మూత తీసి, పై వివరాలు ఆయనే నింపడం మొదలుపెట్టాడు.

"ఏ పిట్ట, రాశాం. ఎప్పుడు, నవంబరు ఆరో తారీకు, రాశాం. ఎక్కడ తీశారు వరహాలు గారూ?"

"యారాడండి" అన్నాడు వరహాలు, ఆకు తుంపుతూ.

"యారాడ సముద్రం ఒడ్డునేనా?"

"అవునండి. ఒడ్డునే."

"గుంజ వెనకాల ఇదేటి, గోడలాగుంది? యారాడలో గోడెక్కడిది?"

వరహాలు ఇంకో ఆకు తుంపాడు. భీమశంకరరావు భూతద్దం కాలి దగ్గరనించి మెల్లగా పైకి జరిపాడు. రెక్క దాటింది, ముక్కు దాటింది, వెనకాల బూడిద రంగు మీదకెళ్ళింది. అన్నయ్య గోడ అన్నాడు గదా అని నేను దాన్ని చూడనే లేదు. స్టూడియోలో పుట్టి పెరిగినవాళ్ళం, వెనకాల కర్టెను మేం చూడం.

ఇప్పుడు చూశాను.

గోడ మీద తెల్లరంగుతో నిలువెత్తు అంకె ఉంది. అంకె పైన ఇనప కమ్మీలున్నాయి. కమ్మీల వెనకాల గొట్టం సాచిన ఫిరంగి ఉంది. ఇది విశాఖపట్నమండీ. బూడిద రంగు ఓడ మీద తెల్లంకె ఉంటే అది ఎవరి ఓడో, అది ఆగే జెట్టీ దగ్గర కెమెరా బయటికి తీస్తే ఏమవుతుందో, రిక్షావాణ్ణడిగినా చెప్తాడు. ఫోటోలు తీయరాదని గేటు దగ్గర మూడు భాషల్లో బోర్డు కూడా ఉంటుంది.

రష్యా కెమెరా. మాస్కో కడియం. వెనకాల మన యుద్ధనౌక. అడిగితే యారాడ అని అబద్ధం. విదేశాలకి వెళ్ళే ఫోటో. వీటన్నిటి మీదా, పెన్సిలుతో, నా చేత్తో నేను రాసుకున్న నా పేరు.

సోడాలాయన నాలుగు సీసాలూ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎవరూ ముట్టుకోలేదు. భీమశంకరరావు సంతకం దగ్గర ఆపిన పెన్నుకి మూత పెట్టేశాడు.

వరహాలు ఇనప టోపీ గుండెలకి హత్తుకుని నా వైపు చూశాడు.

"డబ్బా వొద్దన్నాను గదక్కా" అన్నాడు.